కోట్ల కాపలా

ముందు ఆ కోటు ఇలా ఇవ్వు.
మఫ్లరు చేతిలోకి దోపెయ్, లేకపోతే తెల్లారేసరికి
ఇంకెవరి మెడనో చుట్టుకుని పోతుంది.
ఇదిగో బిళ్ల. రెండొందల నాలుగు.
పోగొట్టుకుంటే, అందరూ వెళ్లిపోయేదాకా
ఆ బల్ల మీద ముడుచుకుని కూర్చోవాలి. అదే శిక్ష.

ఊరికి కొత్తా? తెలుస్తూనే ఉంది,
తలెత్తి కప్పు కోసం చూస్తున్నావు.
కప్పు లేదు, ప్లాస్టిక్ పట్టా. యుద్ధంలో పోయిందని కొందరు,
అన్నదమ్ములు కొట్లాడుకుని వదిలేశారని కొందరు.
పగుళ్లలో దీపాలు పెట్టి ఇప్పుడు
శిథిలాన్ని గ్లాసుల్లో పోసి అమ్ముతున్నారు.
మా అమ్మ ఇలాంటి ఇంట్లోనే పుట్టింది, మూడో అంతస్తు.
అప్పుడు దీన్ని చూడ్డానికి ఎవరూ రాలేదు.

సరే, విను.
నది అవతల బుడా పెందలాడే పడుకుంటుంది,
ఇవతల పెస్ట్‌కి ఆ అలవాటు లేదు.
అయినా పదకొండు కాకుండా ఎక్కడికీ పోకు,
ఖాళీ బారులో కూర్చున్నవాణ్ణి చూసి వెయిటర్లు జాలిపడతారు.
పాలింకా పోస్తే ఒక్క గుక్కలో తాగు,
తాగేముందు ఎదుటివాడి కళ్లలోకి చూడు.
గ్లాసులోకి చూసుకుంటూ తాగేవాడికి
ఇక్కడ రెండోసారి పొయ్యరు.
కింద జోంబోర్ ఉంటాడు, ఎడమ చెవికి పోగు,
నేను పంపానని చెప్పు. ధర తగ్గించడు గానీ
మంచిది కింది అరలోంచి తీస్తాడు.

వీధిలో ఇద్దరమ్మాయిలు దారి అడిగితే
దారి చెప్పు, అంతే.
వాళ్లు తీసుకెళ్లే చోట మెనూలో అంకెలుండవు,
తలుపు దగ్గర తలుపంత మనిషి ఉంటాడు.

రెండింటికి ఆకలేస్తుంది. వెయ్యకపోయినా తిను.
మూల మీద లాంగోష్, చేటంత రొట్టె,
నూనెలో పొంగి, పైన వెల్లుల్లి, పుల్ల మీగడ.
ముద్దుపెట్టుకునే ఆలోచనుంటే
ఇద్దరూ తినండి, లేదా ఇద్దరూ మానండి.

బయట నవ్వేటప్పుడు కాస్త మెల్లగా.
ఎదురు కిటికీకి దుప్పటి వేలాడుతోంది చూశావా,
మేమూ ఇక్కడే బతుకుతున్నాం అని ఎర్ర అక్షరాలతో?
గ్యార్ఫాష్ గారిది. బేకరీలో పని, నాలుగింటికి లేవాలి.
ఒకసారి మెట్ల మీద తాగి పడున్న కుర్రాడికి
ఆయనే ఆ దుప్పటి కప్పి పోయాడు.
మర్నాడు ఉతికి మళ్లీ కట్టాడు.

రాత్రికి మూడొందల కోట్లు నా చేతుల మీదుగా పోతాయి.
జీతం అడక్కు.
జేబులు వెతకను, బరువు చాలు.
తాళాలు ఎక్కువున్నవాడు ముందే వెళ్లిపోతాడు.

వెళ్లేటప్పుడు టాక్సీ వద్దు.
ఆరో నంబరు ట్రాము రాత్రంతా తిరుగుతుంది.
వంతెన మీదికి రాగానే అందరూ మాట ఆపేస్తారు,
తాగినవాళ్లు కూడా. కింద డాన్యూబ్ నల్లగా.
ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను, ఎందుకో తెలీదు.

ఆ చివరి కొక్కేనిదా? అందరూ అడుగుతారు.
నూట పదిహేడు.
మూడు చలికాలాల కిందట ఒక మనిషి ఇచ్చి లోపలికెళ్లాడు.
బయట సున్నాకి ఎనిమిది కింద.
కోటు లేకుండా ఆ చలిలోకి ఎవడైనా ఎలా వెళ్తాడు?
పోలీసులకి చెప్పాను, రాసుకున్నారు.
యజమాని పారెయ్యమన్నాడు, వినపడనట్టు ఊరుకున్నాను.
ఏప్రిల్లో గాలికి వేస్తాను.
నిరుడు బొత్తాం ఊడితే కుట్టాను,
దారం రంగు కలవలేదు. వస్తే తిడతాడేమో.

పో ఇంక, పాట మొదలైంది.
మూడో మెట్టు విరిగింది, చూసుకో.
నువ్వు వచ్చేసరికి నేను కునుకు తీస్తుంటే
బల్ల మీద కొట్టకు, పేరు పెట్టి పిలువు.
ఎతెల్క.
నీ బిళ్ల ఎంత? చూడకుండా చెప్పు.